ఖల్ఫాన్ అమ్మిన కారు

సహమ్ ఊళ్ళో సముద్రం వైపు వీధుల్లో ఉండేవాళ్ళకి ఖల్ఫాన్ ఇంటికి వస్తున్నాడన్న సంగతి ముందుగా చెవులకే తెలిసేది. పెద్ద రోడ్డు దిగి కారు సందులోకి తిరగకముందే దాని గొంతు వచ్చి చేరేది. ఆ చప్పుడు వినగానే అతని భార్య గనీమా కాఫీ కూజా పొయ్యి మీద పెట్టేది.

ఖల్ఫాన్ జాలరి కొడుకు. చిన్నప్పుడు తండ్రి పడవ మోటారు విప్పి బిగించడంతో మొదలైన ఇంజన్ల పిచ్చి అతన్ని వదల్లేదు. పెద్దయ్యాక సోహార్ రేవులో క్రేన్ నడిపే ఉద్యోగం దొరికింది. చేరిన కొత్తల్లోనే షార్జా వెళ్ళి, జపాన్ నుంచి ఓడలో దిగిన ఒక స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చాడు. కొనుక్కొచ్చాడనే గానీ అప్పటికది వట్టి డొక్కు. రంగు వెలిసిపోయింది, సీట్లు చిరిగిపోయాయి, స్టీరింగేమో జపాన్ వాళ్ళ పద్ధతిలో కుడివైపు ఉంది. దాన్ని ఎడమకి మార్పించాడు. ముదురు నీలం రంగు వేయించాడు. ఇంజన్ విప్పి ఇంటి వెనక రేకుల షెడ్డులో దుప్పటి పరిచి ముక్కముక్కగా పేర్చుకున్నాడు. పెళ్ళయి వచ్చిన కొత్తలో గనీమా ఆ షెడ్డులోకి తొంగిచూసి, "నన్ను ఇంకో పెళ్ళాం ఉన్న ఇంటికి ఇచ్చారని మావాళ్ళకి తెలీదు" అంది.

అన్నిటికన్నా అతను మురిసిపోయింది టర్బో చూసుకుని. ఇంజన్లోకి గాలిని బలవంతంగా నెట్టే పరికరమది. జపాన్ వాళ్ళు పెట్టి పంపినది తీసేసి, దానికి రెట్టింపుది బిగించాడు. ఏటా సర్కారు తనిఖీకి ముందు పాత సామానంతా మళ్ళీ తగిలించి, బుద్ధిమంతుడిలా లైనులో నిలబడి, కాగితం చేతికి రాగానే ఇంటికొచ్చి మళ్ళీ మార్చేవాడు. నెమ్మదిగా పోతే ఆ కారు ఆవులా ఉండేది. మూడో గేరులో కాలు గట్టిగా వేస్తే ఒక్క క్షణం ఏమీ జరిగేది కాదు. ఆ తర్వాత ఎవరో వెనకనుంచి తన్నినట్టు దూకేది. ఆ ఒక్క క్షణం కోసమే ఖల్ఫాన్ ఇన్నేళ్ళు ఒళ్ళు వంచాడు.

ఆ ఏడు చలికాలంలో మొదటి చినుకు పడిన సాయంత్రం, కూతురు ముజ్నాని అమ్మమ్మగారింటి నుంచి తీసుకొస్తున్నాడు. ఆరేళ్ళ పిల్ల, పక్క సీట్లో హల్వా డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నెలల తరబడి ఎండిన రోడ్డు మీద నూనె, దుమ్ము చినుకుతో కలిసి జిగటగా ఉంది. ముందు ఒక నీళ్ళ ట్యాంకరు నత్తలా పోతోంది. దాన్ని దాటదామని ఖల్ఫాన్ మూడో గేరులో కాలు వేశాడు. ఏమీ జరగని ఆ క్షణం వచ్చింది, పోయింది. తర్వాత కారు వెనకభాగం పక్కకి జారింది. స్టీరింగ్ చేతిలో ఉంది గానీ దాని అవతల ఏమీ లేనట్టుంది. ట్యాంకరు, ఈతచెట్లు, దుకాణాల దీపాలు, మళ్ళీ ట్యాంకరు కళ్ళముందు గిర్రున తిరిగాయి. ట్యాంకరు హారన్ సాగదీస్తూ పక్కనుంచి వెళ్ళిపోయింది. కారు వచ్చిన దారికి ఎదురు తిరిగి ఆగింది.

ముజ్నా కిటికీకి జానెడు దూరంలో వీధిదీపం స్తంభం ఉంది. అద్దం దించితే పిల్ల దాన్ని ముట్టుకోగలదు.

"నాన్నా, గిర్రున తిరిగింది" అంది ముజ్నా. నవ్వుతోంది. "ఇంకోసారి తిప్పవా?"

ఖల్ఫాన్ వేళ్ళు స్టీరింగ్ని వదలడానికి చాలాసేపు పట్టింది.

ఇంటికి చేరగానే పిల్ల చెప్పులైనా విడవకుండా తల్లి దగ్గరికి పరిగెత్తి, కారు డాన్స్ చేసిందని చెప్పింది. గనీమా భర్త మొహం చూసింది. అతను కళ్ళు దించుకున్నాడు. ఆమె అన్నం, చేప వడ్డించింది. తిన్నాక పళ్ళెం తీస్తూ, "రేపట్నుంచి ముజ్నా ఆ కారెక్కదు" అంది.

"ఎవరూ ఎక్కరు. అమ్మేస్తాను."

మర్నాడు కారు కింద దూరి అంతా వెతికాడు. ఏదైనా విరిగి ఉంటే బాగుండుననుకున్నాడు. ఏదీ విరగలేదు. చక్రాలు, స్ప్రింగులు, బ్రేకులు అన్నీ సరిగ్గా ఉన్నాయి. అది అలా జారేలా చేసింది తనే. పెద్ద టర్బో తీసేస్తే కారు మళ్ళీ ఆవవుతుంది. స్పానరు పట్టుకుని కూర్చున్నాడు గానీ చెయ్యి రాలేదు. వచ్చేవాళ్ళు దానికోసమే కదా వస్తారు, తీసేస్తే ఎవరు కొంటారు అని తనకి తాను చెప్పుకున్నాడు. అందులో సగమే నిజం.

ఫోటోలు తీసి ఫోన్లో పెట్టగానే మనుషులు రావడం మొదలైంది. బురైమీ నుంచి వచ్చినవాళ్ళు, సువైక్ నుంచి వచ్చినవాళ్ళు చుట్టూ తిరిగి, బానెట్ ఎత్తి, తలలు గోక్కుని వెళ్ళిపోయేవారు. ఒక్కడు మాత్రం రోజూ వచ్చేవాడు. పేరు యారుబ్. మీసం ఇంకా పూర్తిగా రాలేదు. సోహార్‌లో ఏదో ఫ్యాక్టరీలో కొత్తగా చేరాడు. సాయంత్రపు అస్ర్ నమాజు కాగానే వచ్చి, గేటు ఎదురుగా గోడ నీడలో గొంతుక్కూర్చునేవాడు. ఖల్ఫాన్ బయటికొస్తే లేచి నిలబడేవాడు.

"అన్నా, ఒక్కసారి స్టార్ట్ చెయ్యవా? నడపనులే. వింటాను."

"విని ఏం చేస్తావు?"

"రాత్రి నిద్రపడుతుంది."

ఖల్ఫాన్‌కి నవ్వొచ్చింది. ఆ వయసులో తనూ అంతే. స్టార్ట్ చేశాడు. యారుబ్ కళ్ళు మూసుకుని బానెట్ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఆ చెయ్యి చూస్తుంటే ఎందుకో ఖల్ఫాన్‌కి నవ్వు ఆగిపోయింది. ఇంజన్ ఆపేశాడు.

ఆ వారంలోనే ఒక పెద్దావిడ వాళ్ళింటికి వచ్చింది. నల్లటి అబాయా, చేతిలో గుడ్డలో చుట్టిన పలుచటి రఖాల్ రొట్టెలు. ఊళ్ళో ఆమెని ఉమ్ ఇద్రీస్ అంటారు, ఇద్రీస్ తల్లి అని. ఇంట్లో రొట్టెలు కాల్చి అమ్ముతుంది. గనీమా ఖర్జూరాలు పెట్టి కాఫీ పోసింది. ఆవిడ తాగి, చాలన్నట్టు కప్పు ఊపి, ఖల్ఫాన్‌ని పిలవమంది.

"నీ కారు బాగుంటుందటగా నాయనా."

"పాతదమ్మా."

"మా చిన్నాడు నీ గుమ్మం ముందు కూర్చుంటున్నాడు. యారుబ్." ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. "పెద్దాడు కూడా ఇలాగే ఒకరి గుమ్మం ముందు కూర్చునేవాడు. కొనుక్కున్నాడు. ఇప్పుడు వాణ్ణి ఇటు తిప్పడం, అటు తిప్పడం, అదే నా పని. వేళకి తిప్పకపోతే వీపు పుండు పడుతుంది."

ఖల్ఫాన్ ఆవిడ ఎదురుగా చాప మీద కూర్చున్నాడు.

"నీ కారునేమీ అనను. ఎవరికి అమ్ముకున్నా నాకు పేచీ లేదు. మావాడికి మాత్రం అమ్మకు. ఒట్టు వెయ్యమనను, మాట చెప్పు చాలు."

"అమ్మనమ్మా."

"కాళ్ళు పట్టుకుంటాడు."

"పట్టుకున్నా అమ్మను."

ఆవిడ వెళ్ళాక ఆ రొట్టెలు ఎవరూ ముట్టుకోలేదు. ముజ్నా ఒక్కతే తేనె పూసుకుని తింది.

మర్నాడు యారుబ్ వస్తే, కారు అమ్ముడైపోయిందన్నాడు ఖల్ఫాన్. కుర్రాడు షెడ్డులో కనబడుతున్న నీలం రంగు వైపు చూసి, అతని వైపు చూసి, "మా అమ్మ వచ్చిందా?" అన్నాడు. జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు. చెప్పిన అబద్ధం నిజం చేద్దామని ఖల్ఫాన్ ఆ మర్నాడే కారు బర్కా తీసుకెళ్ళి, పాత కార్ల వ్యాపారి హిలాల్‌కి అతనడిగిన ధరకే ఇచ్చేశాడు.

"హిలాల్, కొనేవాడికి ఒక మాట చెప్పాలి. మూడో గేరులో జాగ్రత్త. టర్బో ఆలస్యంగా అందుకుంటుంది, అందుకుందంటే వెనక చక్రాలు నిలవవు. తడి రోడ్డు మీద అసలే వద్దు."

"నాకు నడపడం రాదు బాబూ, అమ్మడం వచ్చు. చెప్తాలే."

బస్సులో ఇంటికొచ్చాడు. షెడ్డు ఖాళీగా ఉంది. వీధిలో వాళ్ళు, "ఏం ఖల్ఫాన్, దొంగలా వస్తున్నావు, చప్పుడే లేదు" అని ఎగతాళి చేశారు. గనీమా చాలాకాలం తర్వాత పాట పాడుకుంటూ బట్టలు ఆరేసింది. అతనికి మాత్రం భారం దిగినట్టు అనిపించలేదు. ఏదో మరచిపోయి వచ్చినట్టు, అదేమిటో గుర్తురానట్టు ఉండేది.

కొన్నాళ్ళకి పెట్రోలు బంకులో, కారు అమ్మాక కొన్న పికప్‌లో డీజిల్ పోయించుకుంటుంటే వెనకనుంచి ఒక ఇంజన్ చప్పుడు వచ్చింది. వెనక్కి తిరక్కుండానే తెలిసింది. ఆ చప్పుడు తను చేసిందే. నీలం కారు పక్కన వచ్చి ఆగింది. యారుబ్ దిగి పరిగెత్తుకొచ్చి గౌరవంగా అతని భుజం మీద ముద్దుపెట్టుకున్నాడు.

"నాకివ్వనన్నావుగా అన్నా. చూడు, నా దగ్గరికే రావాలని రాసుంది."

"హిలాల్ నీకేం చెప్పాడు?"

"ఇంజన్ కొత్తదానిలా ఉందన్నాడు."

"మూడో గేరు గురించి?"

"ఏం చెప్పలేదే."

ఖల్ఫాన్ అక్కడే, గొట్టం ఇంకా బండిలో ఉండగానే అంతా చెప్పాడు. ముజ్నా సంగతి, స్తంభం సంగతి కూడా. కుర్రాడు తల ఊపుతున్నాడు గానీ కళ్ళు కారు మీదే ఉన్నాయి.

"శనివారం తీసుకురా. పెద్ద టర్బో తీసి పాతది బిగిస్తాను. నాకేమీ ఇవ్వక్కర్లేదు."

"అలాగే అన్నా." ముసలివాళ్ళతో అనే అలాగే అది. "అమ్మకి చెప్పకేం. స్నేహితుడి ఇంట్లో పెడుతున్నా."

శనివారం రాలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు. ఖల్ఫాన్ క్రేన్ మీద కూర్చుని ఓడలోంచి పెట్టెలు దించుతూ, ఊరి వైపు రోడ్డు చూస్తూ ఉండేవాడు. రేవులో తోటివాళ్ళు ప్రమాదాల ఫోటోలు ఫోన్లలో పంచుకోవడం మామూలే. నుజ్జయిన కార్లు, రోడ్డు మీద ఒంటిగా పడి ఉన్న చెప్పు, తెల్లటి దుప్పటి. ఇదివరకు చూసి దాటేసేవాడు. ఇప్పుడు ప్రతిదాన్లో ముందు రంగు చూసేవాడు. ఎర్రదో తెల్లదో అయితే ఊపిరి వదిలేవాడు. వదిలాక, అది కూడా ఎవరిదో కారేనని గుర్తొచ్చి సిగ్గుపడేవాడు.

మాట ఇచ్చినవాడు మాట తప్పాడనే ఉమ్ ఇద్రీస్ అనుకుంటుందని అతనికి తెలుసు. అయినా గురువారం పనినుంచి రాగానే, "ఆవిడకి చెప్పేద్దాం. నువ్వూ రా" అన్నాడు గనీమాతో. ముజ్నాని పక్కింట్లో వదిలి ఇద్దరూ వెళ్ళారు.

తలుపు తీసిన ఉమ్ ఇద్రీస్ అతన్ని చూసి పక్కకి తప్పుకుని లోపలికి రమ్మంది. కిటికీ పక్కన పరుపు మీద ఇద్రీస్ పడుకుని ఉన్నాడు. మొహం ఆరోగ్యంగా, అందంగా ఉంది. మెడ కింద మాత్రం దుప్పటి చదునుగా ఉంది. ఖల్ఫాన్ నిలబడే మొత్తం చెప్పాడు.

"అమ్మనన్నావు" అంది ఆవిడ.

"నేను వాడికి అమ్మలేదమ్మా. కానీ వాడి దగ్గరికే చేరింది."

"అయితే మాట నిలబెట్టుకున్నట్టేలే."

ఖల్ఫాన్ తలెత్తలేదు. గనీమా ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆవిడ విడిపించుకోలేదు, పట్టుకోనూ లేదు. "ఇప్పుడెక్కడున్నాడు?" అంది గాలిలోకి చూస్తూ.

జవాబు పరుపు మీది నుంచి వచ్చింది. ఇద్రీస్ ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చెప్పాడు. "ఇవాళ గురువారం, రేపు సెలవు. కొండల వైపు కొత్త రోడ్డు. ఇంకా తెరవలేదుగా. పందేలకి అందరూ అక్కడే ఉంటారు." కాస్త ఆగి, "మబ్బుగా ఉంది. నేల చెమ్మగా ఉంటుంది" అన్నాడు.

ఉమ్ ఇద్రీస్ అబాయా సర్దుకుని ముందుగా నడిచింది.

పికప్ వెనక సీట్లో ఆడవాళ్ళిద్దరూ కూర్చున్నారు. కొండల మీద మబ్బు కిందికి దిగి ఉంది. పొద్దు వాలుతోంది. పెద్ద రోడ్డు దాటి ఖర్జూర తోటల మధ్యగా పోతుంటే, ఒక అంబులెన్సు కూత పెడుతూ ఎదురొచ్చి వాళ్ళని దాటి సోహార్ వైపు వెళ్ళిపోయింది. ముగ్గురూ దాన్ని చూశారు. అద్దంలో ఖల్ఫాన్‌కి ఆవిడ పెదవులు కదులుతూ కనబడ్డాయి. అతనికి అంతకంటే వేగంగా వెళ్ళాలని ఉంది. కాలు మాత్రం కిందికి దిగడం లేదు. అక్కడికి చేరకుండా ఉన్నంతసేపు ఏమీ జరగనట్టే కదా అనిపించింది.

రోడ్డుకి అడ్డంగా పెట్టిన పీపాలు ఎవరో పక్కకి నెట్టేశారు. అవతల దుమ్ములో కార్లు రెండు వరుసలుగా ఆగి ఉన్నాయి. కుర్రాళ్ళు కాళ్ళదాకా దిగే తెల్లటి దిష్‌దాషాల్లో ఫోన్లు ఎత్తి పట్టుకుని నిలబడ్డారు. తారు మీద నల్లటి చక్రాల జాడలు మెలికలు తిరిగి ఉన్నాయి. ఒక జాడ రోడ్డు దాటి, మట్టిలోకి దిగి, రాళ్ళ గుట్ట ముందు ఆగిపోయింది. అక్కడ ఏ కారూ లేదు. అది ఎవరిదో, ఆ అంబులెన్సు ఎవరికోసం వచ్చిందో ఖల్ఫాన్ అడగలేదు. అతని కళ్ళు నీలం రంగు కోసం వెతుకుతున్నాయి.

అది వరుస చివర, పందెం మొదలయ్యే గీత దగ్గర, బయల్దేరడానికి సిద్ధంగా గురగురమంటోంది. లోపల యారుబ్ ఉన్నాడు. బతికే ఉన్నాడు.

ఖల్ఫాన్ పికప్ ఆపేలోపే ఉమ్ ఇద్రీస్ దిగింది. పరిగెత్తలేదు. సంతకి వెళ్తున్నట్టు అంతమంది మధ్యనుంచి నడుచుకుంటూ వెళ్ళింది. ఒక్కో ఫోనూ కిందికి దిగింది. ఆవిడ వెళ్ళి పక్క తలుపు తెరిచి, అబాయా అంచు ఎత్తి పట్టుకుని, సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది.

"అమ్మా, దిగమ్మా. అందరూ చూస్తున్నారు." యారుబ్ గొంతు కిటికీలోంచి వినబడింది.

"చూడనీ. వాళ్ళకి చూపించేది నాకూ చూపించు. నడుపు."

"నువ్వుండగా ఎలా నడుపుతానమ్మా?"

"నేను లేనప్పుడు ఎలా నడుపుతావో అలాగే."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరో వాణ్ణి ఊరుకోమన్నారు. చాలాసేపటికి ఆ కారు మెల్లగా వెనక్కి తిరిగి ఊరి దారి పట్టింది. ఖల్ఫాన్ పికప్‌లో దాని వెంట వెళ్ళాడు.

తోటలు దాటి పెద్ద రోడ్డెక్కగానే స్నేహితుల కార్లు వెనకనుంచి వచ్చి హారన్లు కొడుతూ, చేతులు ఊపుతూ యారుబ్‌ని దాటిపోయాయి. ఒకటి రెండు, తర్వాత ఇంకా. సన్నటి తుంపర అద్దం మీద పడటం మొదలైంది. ఖల్ఫాన్ వైపర్లు వేశాడు. అంతలో ముందున్న నీలం కారు వెనకభాగం కిందికి దిగడం కనబడింది. చప్పుడు పెరిగింది. ఒకటో గేరు, రెండో గేరు. ఆ ఇంజన్ ఎక్కడ ఊపిరి పీలుస్తుందో అతనికి తెలుసు. గనీమా అతని సీటు వెనక పట్టుకుంది. మూడో గేరు పడిన చప్పుడు వినబడింది. ఆపైన ఏమీ జరగని ఆ క్షణం వచ్చింది.

చప్పుడు దిగిపోయింది. బ్రేకు దీపాలు వెలిగాయి. కారు మళ్ళీ ఒంటెల బండి వేగానికి వచ్చి, అలాగే ఇల్లు చేరింది.

లోపల ఏం జరిగిందో తర్వాత యారుబే చెప్పాడు. వాళ్ళమ్మ అరవలేదట, చెయ్యి పట్టుకోలేదట. కాలు వెయ్యగానే, ఎదురుగా చూస్తూనే, "ఇద్రీస్‌ని పక్కకి తిప్పే వేళయింది. నేను లేకపోతే ఎవరు తిప్పాలో వాడికి చెప్పి రాలేదు" అందట.

ఆ తర్వాత కూడా కుర్రాడు వెంటనే కారు అమ్మలేదు. అమ్మేదాకా ఆవిడే ఊరుకోలేదు. "స్టార్ట్ చేస్తే చాలన్నా, పిండి చేతులతో వచ్చి పక్కన కూర్చుంటుంది. ఎక్కడికిరా అనదు, కూర్చుంటుంది" అని ఖల్ఫాన్ దగ్గర మొత్తుకున్నాడు. చివరికి ఒకరోజు వచ్చి, ఇచ్చేశానని చెప్పాడు. కొన్నవాడిది కొండల అవతల ఇబ్రీ అట. ఫోన్లో చూసి, వచ్చి, తీసుకెళ్ళిపోయాడట. ఉమ్ ఇద్రీస్ ఆ సాయంత్రమే గనీమాకి రొట్టెలు పంపింది.

"పీడ వదిలింది" అంది గనీమా.

"వదల్లేదు. ఊరు మారింది."

"నీకు తెలిసినవాళ్ళందరూ క్షేమంగా ఉన్నారు. తెలియనివాళ్ళ గురించి కూడా నువ్వే దిగులుపడతావా?"

ఖల్ఫాన్ యారుబ్‌ని అడిగి కొన్నవాడి నంబరు తీసుకున్నాడు. రెండ్రోజులు ఊరికే పెట్టుకున్నాడు. ఆ తర్వాత రేవులో భోజనాల వేళ, క్రేన్ నీడలో ఒంటరిగా నిలబడి ఫోను చేశాడు. ఎవరో కుర్రగొంతు ఎత్తింది. మర్యాదగా సలాం చెప్పింది. వెనక ఆ ఇంజన్ నడుస్తోంది.

ఖల్ఫాన్ తనెవరో చెప్పాడు. ఆ కారు తయారుచేసింది తనేనన్నాడు. మూడో గేరు గురించి, ఆగే క్షణం గురించి, తర్వాతి దూకుడు గురించి, వెనక చక్రాల గురించి ఏదీ దాచకుండా చెప్పాడు. తన కూతురు గురించి చెప్పాడు. అవతలివాడు మధ్యలో ఒక్క మాట అడ్డురాకుండా విన్నాడు.

"చాలా సంతోషం బాబాయ్. అల్లా నీకు మేలు చెయ్యాలి" అన్నాడు అంతా విని. "తెలుసు. అందుకేగా కొన్నాను."

"మీ ఇంట్లో ఎవరున్నారు?" అన్నాడు ఖల్ఫాన్.

కుర్రాడు నవ్వాడు. ఇంజన్ గొంతు పెరిగి, ఆ నవ్వు అందులో కలిసిపోయి, ఫోను తెగిపోయింది.

ఇప్పుడు ఖల్ఫాన్ రేవుకి పికప్‌లోనే వెళ్ళివస్తాడు. షెడ్డులో గనీమా మేకల్ని కట్టేస్తోంది. ఆ నంబరు అతని ఫోన్లో పేరు లేకుండా ఉంది. ఒక్కోసారి వేలు దాని మీదికి వెళ్తుంది. నొక్కడు. ఎవరూ ఎత్తకపోతే ఏమనుకోవాలో అతనికి తెలియదు.